అడుగున రెండు కత్తుల గుర్తుంటే ఆ పింగాణీ పొడుం డబ్బీ మైసెన్‌దేనా?

పారిస్ సంతలో కొన్నానంటున్నారు కదా, అయితే ఆ గుర్తును కాసేపు పక్కన పెట్టండి. జర్మనీలోని మైసెన్ పింగాణీ కర్మాగారం వేసే ఆ కత్తుల్ని, వాటిని పోలిన గీతల్ని యూరప్‌లో గీయనివాడు పాపాత్ముడు. ఆ పారిస్‌లోనే 1845లో మొదలైన సామ్సన్ కంపెనీకి పాత పింగాణీకి నకళ్లు చేయడమే వ్యాపారంగా ఉండేది. పైగా 18వ శతాబ్దపు చిన్న భరిణెలు చాలావాటికి అసలు గుర్తే ఉండదు.

నేనైతే మూత, కీలు చూస్తాను. పింగాణీ కొలిమిలో కాలేటప్పుడు దాదాపు ఆరో వంతు కుంచించుకుపోతుంది, అదీ సమంగా కాదు. అందుకే ప్రతి డబ్బీకీ దాని వంకరల్ని బట్టి కంసాలి విడిగా లోహపు పట్టీ వంచాల్సి వచ్చేది.

పారిస్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఆదివారం పొద్దున్నే అక్కడి వాన్వ్ పాత వస్తువుల సంతకి వెళ్లేవాణ్ణి. ఒకాయన భూతద్దంతో ఒక డబ్బీ అడుగంతా జల్లెడ పడుతున్నాడు. అమ్మే ముసలావిడ కాసేపు ఓపిక పట్టి, దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, నా చెవి దగ్గర మూత వేసింది. టిక్. పట్టీ ఎక్కడా కదల్లేదు. తర్వాత తెరిచి చూపించింది. పైన మామూలు పూలే. మూత లోపల మాత్రం ఒడిలో కుక్కపిల్లతో ఒక దొరసాని, కనుబొమల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు! పైన ఉన్నది ఊరందరికీ, లోపలిది పొడుం పంచుకునే స్నేహితుడికీనట. ధర అడిగాను. మా ఇంటద్దె కంటే ఎక్కువ. దణ్ణం పెట్టి వచ్చేశాను.

అంత మంచి బొమ్మ లోపల ఉంటే, మ్యూజియం వాళ్లు మూత వేసి అద్దాల బీరువాలో పెడతారు చూడండి, నాకు ఒళ్లు మండిపోతుంది. వెనకాల చిన్న అద్దం పెట్టి తెరిచి ఉంచడానికి ఏం రోగం?

ఫ్రాన్స్‌లోని లిమోజ్ ఊరి డబ్బీల సంగతి ఇంకోటి. ఆ ఊరి దగ్గర పింగాణీకి కావాల్సిన తెల్లమట్టి దొరికిందే 1768 ప్రాంతంలో. లిమోజ్ పింగాణీని అంతకంటే పాతదని అమ్మేవాడితో బేరం కూడా ఆడకండి. ఇప్పటి లిమోజ్‌వి చాలా ముద్దొస్తాయి, కాదనను, కానీ అవి కానుకలకి. మా వదిన ఒకదాంట్లో తడి కుంకుమ పోసింది. కీలు సందులోకి దిగి గడ్డకట్టి, ఇప్పుడు మూత సగమే లేస్తుంది. పైగా నాసిరకం వస్తువు తెచ్చానని నన్నే అంటుంది.

మీ డబ్బీ అడుగు ఫోటోలు నాలుగు పెట్టారు. మూత తెరిచి, కీలు పక్కనుంచి ఒక్కటి తీసి పెట్టండి.