లెప్టో టెస్ట్ నెగెటివ్ వచ్చినా డాక్సీ ఆపొద్దంటున్నారు, ఎందుకు?

మీ వారికి జ్వరం మొదలై నాలుగు రోజులైందని, లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలోంచి, పగిలిన చర్మం గుండా సోకే జ్వరం) ఐజీఎం పరీక్ష నెగెటివ్ వచ్చినా డాక్టర్ గారు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఆపొద్దంటున్నారని రాశారు. నేను డాక్టర్‌ని కాదండి. సరిగ్గా అలాంటి రిపోర్టే చేతిలో పట్టుకుని తప్పు చేసినవాణ్ని. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

మాది విశాఖలో జ్ఞానాపురం. నాన్నగారికి బియ్యం కొట్టు ఉండేది. ఓ ఏడు వానలకు గెడ్డ పొంగి కొట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. ఆయన చెప్పుల్లేకుండా దిగి బస్తాలు అటక మీదకి ఎక్కించారు. మడమల పగుళ్లు ఏడాది పొడుగునా ఉండే మనిషి. పది రోజులకు చలిజ్వరం, తలనొప్పి. పిక్కల మీద చెయ్యి వేస్తే కేక పెట్టేవారు. "బస్తాలు మోశాను కదరా" అనేవారు. మోసి పది రోజులైందన్న లెక్క మాకెవరికీ తట్టలేదు. కళ్లు ఎర్రబడ్డాయి గానీ పుసి లేదు. కళ్లకలక అనుకున్నాం.

మూడో రోజు రక్తపరీక్షలు చేయించాం. మలేరియా లేదు, డెంగీ ఎన్ఎస్1 నెగెటివ్, లెప్టో నెగెటివ్. డాక్టర్ గారు అయినా డాక్సీ రాశారు. రెండు రోజులకు జ్వరం కాస్త దిగింది, మాత్రతో కడుపులో తిప్పుతోందని నాన్నగారి గొడవ. "నెగెటివే కదా" అని నేనే ఆపించేశాను. ఎనిమిదో రోజుకి కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం తగ్గిపోయింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి రెండు దాటింది. అడ్మిట్ చేసి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అప్పుడు మళ్లీ చేసిన ఐజీఎం పాజిటివ్.

అక్కడి డ్యూటీ డాక్టరమ్మ పాత రిపోర్టు చూసి ముందు అడిగింది ఒకటే: "జ్వరం ఏ తారీకున మొదలైంది?" ఎన్ఎస్1 వెతికేది డెంగీ వైరస్ తాలూకు ప్రొటీన్‌ని. అది మొదటి రోజుల్లోనే దొరుకుతుంది. ఐజీఎం టెస్ట్ వెతికేది లెప్టో క్రిమిని కాదు, దాని మీద మన ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను. అవి పరీక్షకు అందేంతగా పెరగడానికి జ్వరం మొదలయ్యాక దాదాపు ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. మూడో రోజు నెగెటివ్ అంటే "ఇంకా కనపడలేదు" అని మాత్రమే. నేను రెండింటినీ ఒకే గాటన కట్టేశాను. మొదటి వారంలో క్రిమినే పట్టాలంటే రక్తంతో పీసీఆర్ చేయాలి.

ఇంకో పరీక్ష ఉంది, మ్యాట్ అంటారు. బతికున్న లెప్టో క్రిముల్లో రోగి సీరమ్ (రక్తం నుంచి వేరుచేసిన పల్చటి ద్రవం) కలిపి, అవి ముద్దకడుతున్నాయా అని మైక్రోస్కోప్‌లో చూస్తారు. సుమారు రెండు వారాల తేడాతో రెండు నమూనాలు తీసి, యాంటీబాడీలు నాలుగు రెట్లు పెరిగాయంటే లెప్టో అని తేలుస్తారు. కొద్ది ల్యాబుల్లోనే చేస్తారు. రెండో నమూనా ఇచ్చేసరికి రోగి ఇంట్లో పెరుగన్నం తింటూ ఉంటాడు. అందుకే ఎవరూ దాని కోసం మందులు ఆపి కూర్చోరు.

జ్వరం మొదలైన తారీకు కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. ఏడో రోజు దాటాక ఐజీఎం మళ్లీ చేయిద్దామా అని మీ డాక్టర్ గారినే అడగండి. ఈలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, దగ్గులో రక్తం పడినా, రిపోర్టు సంగతి వదిలేసి ఆసుపత్రికి వెళ్లిపోండి.

తర్వాత కూడా ఓ టెన్షన్ ఉంటుంది, ముందే చెప్తున్నా. నాన్నగారు కోలుకున్న రెండు నెలలకు, ఎవరో చెప్పారని మళ్లీ టెస్ట్ చేయిస్తే పాజిటివే వచ్చింది. ఇల్లంతా హడలిపోయింది. ఐజీఎం నెలల తరబడి రక్తంలో ఉండొచ్చట. మనిషి బాగున్నాడు కాబట్టి మందు అక్కర్లేదన్నారు.

ఒకటి మీరు రాయలేదు. మీ వారు ఈమధ్య వాననీళ్లలోగానీ, ఎలుకలు తిరిగే చోటగానీ దిగారా? దిగి ఉంటే ఆ మాట డాక్టర్ గారి చెవిన వేశారా?