అంబాసిడర్ కుదుపు: ముందు మౌంట్లు చూడండి

తమ్ముడూ, న్యూట్రల్‌లో గేరు రాడ్ ఊగుతోంది, క్లచ్ వదిలితే బండి కుదుపుతోంది, పర్లాకిమిడి మెకానిక్ ఇంజన్ విప్పాలంటున్నాడు అన్నావు కదా. అప్పుడే ఇంజన్ జోలికి వెళ్లకు. ముందు మౌంట్లు, అంటే ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, చూడు. బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో ఎవరిచేతైనా క్లచ్ కొంచెం వదిలించు. బండికి ఎదురుగా మాత్రం నిలబడకు. ఇంజన్ ఒక పక్కకి లేచిపడితే మౌంట్ రబ్బరు పోయినట్టే. రబ్బరు ఉబ్బి మెత్తగా ఉంటే ఆయిల్ కారుతోందని అర్థం. ముందు ఆ లీకు ఆపించు, లేకపోతే కొత్తవీ అంతే.

అంబాసిడర్‌లో వచ్చిన బీఎంసీ 1489 సీసీ ఇంజన్ మౌంటూ, ఇసుజు ఇంజన్ మౌంటూ ఒకటి కావు. పాత మౌంట్ చేత్తో పట్టుకునే వెళ్లు, బోల్టు రంధ్రాల దూరం కొలిచి చూడు. హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ 2014లోనే అంబాసిడర్ తయారీ ఆపేసింది, ఇప్పుడు దొరికేవి ఎక్కువగా నకలు సరుకే. బరంపురంలో లేకపోతే కోల్‌కతా మల్లిక్ బజార్‌లో వెతుకు. రేకుకీ రబ్బరుకీ మధ్య గోరు పెట్టి చూడు. అతుకు ఊడుతుంటే ఎంత చవకైనా వద్దు.

జాకీ మీద చెక్క పెట్టి ఇంజన్‌ని మెల్లగా ఎత్తించు, ఫ్యాన్ రేడియేటర్‌కి తగలకుండా చూసుకో. రెండు పక్కలవీ ఒకేసారి మార్చు. ఇంజన్ బరువు దిగాకే బోల్టులు బిగించాలి.