వెయ్యి రూపాయలు చూసుకుని కార్డు వదిలేయకు

చిరంజీవి సత్యానికి, అన్నయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. ఎవరో ఏజెంటు ఇంటికొచ్చి నీకూ మరదలికీ కలిపి హెల్త్ పాలసీ రాస్తానన్నాడని, బెంగుళూరు నుంచి అబ్బాయి ప్రీమియం కట్టేస్తానన్నాడని చెప్పావు. కట్టేముందు ఈ ఉత్తరం చదువు. ఫోన్లో చెబితే సగం నువ్వు వినవు.

నువ్వు 1999లో ఆర్మీ నుంచి హవల్దార్‌గా రిటైరై ఇంటికొచ్చావు. ఈసీహెచ్‌ఎస్, అంటే మాజీ సైనికులకీ వాళ్ళ కుటుంబాలకీ ఉన్న వైద్య పథకం, 2003 ఏప్రిల్ 1న మొదలైంది. ఆ తేదీ నుంచి పెన్షన్‌కి వచ్చినవాళ్ళంతా అందులో చేరాల్సిందే. అంతకుముందు వచ్చినవాళ్ళకి మాత్రం ఇష్టమైతే చేరవచ్చు, లేదంటే పెన్షన్‌తో పాటు మెడికల్ అలవెన్సు తీసుకోవచ్చు. నేను 1996కి ముందే వచ్చేశాను కాబట్టి ఒక్క రూపాయి కట్టకుండా చేరాను. నువ్వేమో అలవెన్సు పట్టుకుని కూర్చున్నావు. అప్పట్లో నీకు ఒంట్లో బాగానే ఉంది, నిన్ను తప్పు పట్టను.

ఇప్పుడు లెక్క చూడు. ఆ అలవెన్సు నెలకు 1,000 రూపాయలు. నీ హోదాకి ఈసీహెచ్‌ఎస్‌లో కట్టాల్సింది ఒక్కసారి 30,000. హవల్దార్ పైన ఉండే జేసీవోలకైతే 67,000. మళ్ళీ ప్రతి ఏడాదీ కట్టే పని లేదు. చేరితే అలవెన్సు ఆగిపోతుంది, నిజమే. కానీ మరదలి షుగర్ మందులకీ నీ బీపీ బిళ్ళలకీ ఆ వెయ్యి ఏ మూలకి వస్తోంది?

అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకోటుంది. ఇందులో చేరడానికి వయసు అడ్డం కాదు, మెడికల్ టెస్టు ఉండదు, 'పాత జబ్బు' అన్న మాటే ఉండదు. వైద్యానికి ఇన్ని లక్షల వరకే అన్న గీత కూడా లేదు. ప్రైవేటు పాలసీకి 65 ఏళ్ళ పట్టింపు 2024లో తీసేశారు, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా పోయింది. బాగానే ఉంది. అయినా ముందునుంచీ ఉన్న జబ్బుకి మూడేళ్ళ దాకా ఆగమనే వీలు కంపెనీకి ఉంది. పదిహేనేళ్ళ షుగర్ ఉన్న మనిషి ఆ మూడేళ్ళూ ఏం చేయాలి? పైగా షుగర్ సంగతి ఫారంలో రాయక్కర్లేదని ఆ ఏజెంటు అన్నాడన్నావే, ఆ ఒక్క మాటతోనే అతన్ని గుమ్మం దాటించాల్సింది. రేపు క్లెయిమ్ పెట్టినప్పుడు ఆ దాచిన సంగతే చూపించి కాదంటారు. ఈసీహెచ్‌ఎస్ కార్డు చేతికొచ్చాక, అన్నీ ఉన్నదున్నట్టు రాసి, అబ్బాయి తన తృప్తికి ఓ పాలసీ కడతానంటే కట్టనీ. కార్డు బదులుగా మాత్రం వద్దు.

ఈసీహెచ్‌ఎస్ స్వర్గమని నేననను. పాలీక్లినిక్‌లో, అంటే ఈసీహెచ్‌ఎస్ వాళ్ళ సొంత క్లినిక్‌లో, సోమవారం పొద్దున పడిగాపులు తప్పవు. కొన్ని మందులకి లేవని రాసిస్తారు, వాటికోసం మళ్ళీ తిరగాలి. నీ హోదాకి జనరల్ వార్డే. పెద్దాసుపత్రికి పోవాలంటే పాలీక్లినిక్ రెఫరల్ కాగితం కావాలి. మొదటి రెండుసార్లు చిరాకేస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. క్యాంటీన్ సరుకుల కోసం వంద కిలోమీటర్లు పోయి లైన్లో నిలబడే మనం, మందులకి నిలబడలేమా?

ఎమర్జెన్సీ సంగతి మాత్రం మరదలికీ అబ్బాయికీ కూడా వివరంగా చెప్పు. నాకు రాత్రి రెండింటికి గుండె నొప్పి వచ్చినప్పుడు కంగారులో దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అది ఈసీహెచ్‌ఎస్‌తో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితాలో లేదు. చేరగానే డబ్బు కట్టమన్నారు. చిన్నోడు అప్పు చేసి కట్టాడు. వాడు చేసిన మంచి పని ఒక్కటే: మర్నాడు పొద్దున్నే పాలీక్లినిక్‌కి కబురు చెప్పాడు. జాబితాలో లేని ఆసుపత్రిలో చేరితే 48 గంటల్లోపు చెప్పాలి. లేకపోతే బిల్లు ఎందుకు రావాలో రాసుకుంటూ నెలలు గడిచిపోతాయి. మాకు డబ్బు వచ్చింది గానీ ప్రభుత్వ రేట్ల ప్రకారమే వచ్చింది, పైన కట్టింది మా జేబుదే. అదే జాబితాలో ఉన్న ఆసుపత్రైతే ఎమర్జెన్సీకి రెఫరల్ లేకుండానే చేర్చుకోవాలి, డబ్బు అడగకూడదు. అందుకే మీ ఊరికి దగ్గర్లో జాబితాలో ఉన్న రెండు ఆసుపత్రుల పేర్లు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించు. ఒప్పందాలు మారుతుంటాయి, ఆరు నెలలకోసారి పాలీక్లినిక్‌లో అడిగి సరిచూసుకో.

డెబ్బై దాటినవాళ్ళకి ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు, నీకూ రెండేళ్ళలో వస్తుందని అబ్బాయి అన్నాడట. 2024 అక్టోబర్‌లో మొదలైంది, మంచి పథకమే. కానీ మనలాంటి ఈసీహెచ్‌ఎస్ వాళ్ళు రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి. నన్నడిగితే అటు పోవద్దు. అది ఆసుపత్రిలో చేరినప్పుడే పనికొస్తుంది. మనకి ప్రతి నెలా ఖర్చయ్యేది మందులకి.

ఇక అసలు పని. దరఖాస్తు ఆన్‌లైన్లోనే పెట్టాలి. దానికి ముందు డిశ్చార్జి బుక్కులో, పీపీవోలో (పెన్షన్ ఆర్డరు కాగితంలో), ఆధార్‌లో మరదలి పేరు ఒక్కలాగే ఉందో లేదో అక్షరం అక్షరం చూడు. మీ వదిన విషయంలో నేను చూసుకోలేదు. మోకాలి ఆపరేషన్‌కి వెళ్ళిన రోజు బిల్లింగ్ కౌంటర్లో అమ్మాయి కార్డునీ ఆధార్‌నీ పక్కపక్కన పెట్టి, పెన్నుతో గీత గీసినట్టు చూపించింది. ఒకదాంట్లో 'సత్యవతి', రెండోదాంట్లో 'వెంకట సత్యవతి'. "ఇద్దరూ ఒకరేనని ఎలా తెలుస్తుందండీ?" అంది. పాపం, దాని తప్పేం లేదు. పెళ్ళయిన కొత్తలో యూనిట్ క్లర్కు అడిగితే నేను చెప్పిన పేరది. ఇంట్లో పిలిచే పేరు చెప్పేశాను. అది సరిచేయించడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం చుట్టూ, రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరాలు రాసుకుంటూ ఎనిమిది నెలలు తిరిగాను. మీ వదిన ఆ ఎనిమిది నెలలూ కర్ర పట్టుకునే నడిచింది. నీ రికార్డ్స్ నాసిక్‌లో ఉన్నాయి, అక్కడికి పోయి రావాలంటే ఈ వయసులో నీ వల్ల కాదు. తేడా ఉంటే ఇప్పుడే ఉత్తరం పెట్టు.

ఆదివారం ఇంటికి రా. డిశ్చార్జి బుక్కు, పీపీవో, ఇద్దరి ఆధార్లు, పాన్ కార్డు, ఫోటోలు తెచ్చుకో. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకు, జిరాక్సులు ఇక్కడే తీయిద్దాం. మా మనవడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అప్లికేషన్ నింపుతాడు. బయల్దేరేముందు ఒక్కటి చూసుకో: నీ ఆధార్‌కి ఏ ఫోన్ నంబరు ఉంది? అది అబ్బాయిదైతే ఓటీపీ బెంగుళూరు పోతుంది, వాడు ఆదివారం పన్నెండింటి దాకా నిద్ర లేవడు.

మీ అన్నయ్య