నెల్లూరు నుంచి కువైట్: టికెట్‌లో రెండున్నర గంటలేనా?

ప్రశ్న: చెన్నైలో రాత్రి 1:00కి బయల్దేరి 3:30కి కువైట్‌లో దిగుతుందని టికెట్‌లో ఉంది. ప్రయాణం నిజంగా రెండున్నర గంటలేనా? దూరమెంత?

కాదండీ, సుమారు ఐదు గంటలు. టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ 3:30 అంటే నెల్లూరులో తెల్లారి ఆరు. మీవాళ్లు దిగి ఫోన్ చేసేసరికి ఇంట్లో కాఫీలు అవుతుంటాయి.

రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా కొలిస్తే దాదాపు 3,780 కిలోమీటర్లు. విమానం గీత గీసినట్టు పోదు కాబట్టి ఇంకాస్త ఎక్కువే తిరుగుతుంది. వచ్చేటప్పుడు మామూలుగా కొంచెం తొందరగా వస్తారు, పైన పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది గనక. కానీ టికెట్‌లో మాత్రం ఏడు గంటలకు పైగా పట్టినట్టు కనిపిస్తుంది. అదీ గడియారాల తేడానే.

అసలు జాగ్రత్త తేదీ దగ్గర. 15వ తేదీ రాత్రి 1:00 అంటే 14 రాత్రి భోజనాల తర్వాత వచ్చే ఒంటిగంట. 15 సాయంత్రం పెట్టె సర్దుకుని బయల్దేరితే విమానం ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. మా బంధువు ఒకాయన సరిగ్గా ఇదే చేశాడు, టికెట్ డబ్బులన్నీ పోయాయి.

మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలి. నెల్లూరు నుంచి కారులో తడ మీదుగా మీనంబాక్కం చేరడానికి, చెన్నై ట్రాఫిక్‌తో కలిపి, నాలుగు గంటలు వేసుకోండి. అంటే 14 సాయంత్రం ఆరింటికల్లా కారెక్కాలి.