జౌగడ పక్కన సారా బట్టీ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది గంజాం జిల్లా పురుషోత్తంపూర్. జౌగడ అశోక శాసనాల బండకి దగ్గర్లో పాత పెంకుటిల్లు, కొంచెం పొలం ఉన్నాయి. మా అబ్బాయి వర్జీనియాలో ఉంటాడు. అక్కడ మౌంట్ వెర్నన్‌లో జార్జి వాషింగ్టన్ విస్కీ బట్టీని మళ్లీ కట్టి, సీసాలు అమ్ముతున్నారట. మనమూ ఇప్పసారా కాచి యాత్రికులకి అమ్ముదామంటాడు. పురావస్తు శాఖ ఒప్పుకుంటే చాలా, లాయరుగారూ?

జవాబు: చాలదండీ. సారా కాయడం, అమ్మడం రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 8వ అంశం. చూపించడానికే అన్నా సరే, 2008 నాటి ఒడిశా ఎక్సైజ్ చట్టం కింద మీకు లైసెన్సు ఉండాలి. పురావస్తు శాఖ కాగితం ఎక్సైజు వారి దగ్గర చెల్లదు, వారిది వీరి దగ్గరా చెల్లదు.

కట్టడం సంగతి 1958 నాటి ప్రాచీన కట్టడాల రక్షణ చట్టానిది. 2010 సవరణ నుంచి, కేంద్ర రక్షిత స్థలం హద్దుకి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం కూడదు. ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. మా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది బండ దగ్గర్నుంచే టేపు పట్టి ‘దూరమే కదా’ అంటారు. కొలవాల్సింది రక్షిత స్థలం హద్దు నుంచి. అక్కడ పాత కోట మట్టిగోడలూ ఉన్నాయి గనక పటం చూడకుండా ఒక్క ఇటుకా పెట్టకండి. పెంకుటింటి మరమ్మతుకి అనుమతి అడగొచ్చు. అది చూపించి బట్టీకి షెడ్డు లేపడం తప్పు.

వర్జీనియాలోనూ ఘాటు మద్యం అమ్మకం ప్రభుత్వం చేతిలోదే. ఈ బట్టీ కోసం శాసనసభ చట్టమే చేయాల్సి వచ్చింది. పైగా బట్టీ అక్కడ నిజంగా ఉండేది. 1797లో మొదలై 1799లో దాదాపు 11 వేల గ్యాలన్లు తీసింది. పునాదులు తవ్వి చూసి, తిరిగి కట్టి, 2007లో తెరిచారు. అక్కడ పనిచేసిన ఆరుగురు బానిసలు హాన్సన్, పీటర్, నాట్, డేనియల్, జేమ్స్, తిమోతిల పేర్లు కూడా చెబుతారు. నాకు నచ్చింది అదే.

జౌగడ గతం వేరు. చిన్నప్పుడు మా నాన్నగారు నన్ను ఆ బండ ముందు నిలబెట్టి, యజ్ఞం పేరిట జీవాల్ని చంపొద్దన్న మొదటి శాసనం అర్థం చెప్పారు. అక్కడ సారా వాసన నేను ఊహించుకోలేను. బట్టీ చరిత్రే కావాలంటే మన జిల్లాలోనే ఆస్కా ఉంది, బ్రిటిష్ కాలంలో మిన్‌చిన్ దొర నడిపిన చక్కెర ఫ్యాక్టరీ, దాని బట్టీ. ఆ కథ చెప్పడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

పటం చూశాక, సర్వే నంబరుతో మళ్లీ రాయండి.