నా నొప్పికి వచ్చిన డబ్బులో వాళ్లకు వాటా ఏంటి?

ప్రశ్న: న్యూజెర్సీలో సరుకుల డెలివరీ వ్యాన్ నడుపుతాను. నిరుడు ఫిబ్రవరిలో ఒక అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఐస్ గడ్డకట్టి ఉంటే, భుజం మీద బియ్యం బస్తాతో జారిపడ్డాను. మణికట్టు విరిగింది, ప్లేటు వేశారు. మా ఓనరు తీసుకున్న వర్కర్స్ కాంప్ ఇన్సూరెన్స్ (పనిలో దెబ్బ తగిలితే ఆదుకునే బీమా) ఆస్పత్రి బిల్లులు కట్టి, ఇంట్లో కూర్చున్నన్నాళ్లూ జీతంలో 70 శాతం ఇచ్చింది. అపార్ట్‌మెంట్ వాళ్ల మీద కేసు వేస్తే 1,20,000 డాలర్లకు దిగివచ్చారు. ఇంతలో కాంప్ వాళ్ల లెటర్: 'మేం పెట్టిన 48,000 మీద మాకు లీన్ ఉంది' అని, అంటే నాకొచ్చే డబ్బులోంచి తమది రాబట్టుకునే హక్కట. చెయ్యి విరిగింది నాది, వాటా వాళ్లకా? ఇది న్యాయమేనా అక్కా? ఇంకోటి, సూర్యాపేటలో మా బావమరిది లారీ క్లీనరు. మొన్న రోడ్డు ప్రమాదంలో కాలు విరిగింది. అక్కడా ఇంతేనా?
– పేరు వద్దన్న సోదరుడు, ఎడిసన్

జవాబు: తమ్ముడూ, న్యాయం సంగతి తర్వాత, చట్టమైతే అదే. తప్పెవరిదని అడక్కుండా కాంప్ డబ్బిస్తుంది. బదులుగా మామూలుగా ఓనరు మీద దావా వెయ్యనివ్వదు, నొప్పికి పైసా ఇవ్వదు. బయటివాడి తప్పు వల్ల దెబ్బ తగిలి వాడి దగ్గర డబ్బు రాబడితే, ఒకే బిల్లుకు రెండుసార్లు తీసుకున్నట్టు కాకూడదని తను పెట్టింది వెనక్కి అడుగుతుంది. సెటిల్మెంట్ కాగితంలో 'ఇది నొప్పికి' అని రాసుకున్నా న్యూజెర్సీలో లీన్ ఆ డబ్బునూ పట్టుకుంటుంది. నాకూ నచ్చదు.

అయితే 48,000 మొత్తం ఇవ్వక్కర్లేదు. మీ లాయరు కష్టపడ్డాడు కాబట్టే వాళ్ల డబ్బు తిరిగొస్తోంది. అందుకని ఆ ఫీజులో వాళ్ల వంతు వాళ్లే మొయ్యాలి. కాంప్ చట్టం సెక్షన్ 40 ప్రకారం లీన్‌లో మూడో వంతు దాకా ఫీజు కింద, కేసు ఖర్చుల కింద 750 డాలర్ల దాకా తగ్గుతాయి. 48,000లో 16,000 తీసేస్తే 32,000, అందులో 750 పోతే 31,250. కేసు ఖర్చులు 6,000 అయ్యాయనుకోండి. మిగిలిన 1,14,000లో మూడో వంతు, 38,000 లాయరుకు. 76,000లోంచి 31,250 కాంప్‌కు పోగా మీ చేతికి 44,750.

ఆ 48,000 అంకెను మాత్రం కళ్లు మూసుకుని ఒప్పుకోకండి. ఏ తేదీన ఎవరికి ఎంత కట్టారో చూపే లెడ్జర్ తెప్పించండి. నేనైతే పసుపు పెన్ను పట్టుకుని వరుస వరుసా చదువుతాను. ఒకసారి మోకాలి కేసులో షుగరు మాత్రలు దొరికాయి, ఇంకోసారి ఒకే ఎక్స్‌రే రెండుసార్లు. కాంప్ కేసులో తమ వాదన కోసం వాళ్ల డాక్టరుకు మిమ్మల్ని చూపించిన ఫీజు కూడా అందులో దూరుతుంది. అది మీ వైద్యం కాదు, కొట్టెయ్యమని అడగాలి. మీ కేసులో బలహీనత ఏమన్నా ఉంటే (మెట్లు చూసుకోకుండా ఎక్కావన్న వాదన వస్తుందిగా) అది చూపించి లీన్ ఇంకా తగ్గించమనీ బేరమాడొచ్చు. ఒప్పుకుంటే కాగితం మీద తీసుకోండి. ఫోన్లో 'సరే' అన్నవాళ్లు మరుసటి నెల ఆ ఉద్యోగంలో ఉండరు.

మణికట్టుకు శాశ్వత నష్టం కింద కాంప్ కోర్టులో ఇంకా రావలసింది ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే సెటిల్మెంట్‌లో మిగతా 72,000 దాకా వాళ్లకు క్రెడిట్ (ముందే ఇచ్చేసినట్టు లెక్క) ఉంటుంది. అంటే రేపు 9,000 అవార్డు వచ్చినా వాళ్లిచ్చేది మీ లాయరు ఫీజులో వాళ్ల వంతు మాత్రమే, సుమారు 3,000. ఈ లెక్క తెలియక సంతకం పెట్టి, తర్వాత నా దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్లున్నారు. రెండు కేసుల లాయర్లనూ ముందే ఒకరితో ఒకరిని మాట్లాడించండి.

మీ బావమరిదికి ఈ లీన్ బాధ లేదు, మరో చిక్కుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 167 ప్రకారం ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లడమో, ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బకు యజమాని ఇవ్వాల్సిన పరిహారం) కింద అడగడమో, ఏదో ఒకటే. ఆఫీసులో ఎవరో ఇచ్చిన ఫారం మీద వేలిముద్ర వెయ్యకముందే రెండు దారుల్లో ఎంతెంత వస్తుందో అక్కడి లాయరు చేత లెక్క కట్టించమనండి.