‘అందరూ అంతే’ అన్న చోట కొత్తగా చేరితే

ప్రశ్న: ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. మా టీమ్‌లో మీటింగ్‌కి ఎవరూ టైమ్‌కి రారు. చెక్‌లిస్టులో చూడకుండానే టిక్కులు పెట్టేస్తారు. అడిగితే ‘అందరూ అంతే’ అంటారు. అందరికంటే జూనియర్‌ని, నావల్ల ఏం మారుతుంది? వేరే ఉద్యోగం చూసుకోనా?

జవాబు: అప్పుడే మానేయకండి. మీటింగ్ ఆలస్యాల సంగతి అలా ఉంచండి, మీరు టైమ్‌కి వెళ్తే చాలు. నాకు కంగారు పుట్టించింది ఆ టిక్కులు.

1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పైకి లేచిన 73 సెకన్లకే ముక్కలైంది. ఏడుగురు చనిపోయారు. రాకెట్ అతుకుల్లో ఉండే రబ్బరు ఓ-రింగ్ వేడి వాయువుల్ని ఆపలేకపోయింది. ఆ రింగులు దెబ్బతింటున్న సంగతి 1981లో రెండో ప్రయోగంలోనే బయటపడింది. ఆ తర్వాతా కనిపిస్తూనే ఉంది. పోయినసారి ఏమీ కాలేదు కదా అని ఎగరేస్తూ వచ్చారు. ముందురోజు రాత్రి ఇంజినీర్లు ‘ఈ చలిలో వద్దు’ అన్నా ఆ మాట నెగ్గలేదు. దీన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్‌కి అక్కడ కావాలని తప్పు చేసినవాళ్లు కనబడలేదు. తేడా ఉండటమే వాళ్లకి మామూలైపోయింది. నాకు భయం వేసేది అందుకే.

మీ పని అంత ప్రమాదకరమైనది కాకపోవచ్చు, అలవాటు పడే తీరు మాత్రం ఒకటే. అలాగని ఎవరికీ నీతులు చెప్పకండి, కొత్తవాళ్లు చెబితే ఎవరూ వినరు. మీ పేరు పడే కాగితం మీ చేతిలో ఉంది. చూడనిదాన్ని ఖాళీగా వదిలి, పక్కన ‘ఇంకా చూడలేదు, మధ్యాహ్నంలోపు చూస్తాను’ అని రాయండి. సీనియర్ ‘పెట్టెయ్, ఏం కాదు’ అంటే, ‘పది నిమిషాలివ్వండి సార్, చూసి పెట్టేస్తా’ అనండి.

నా మొదటి ఉద్యోగంలో ఒక లెక్క తప్పు పంపాను. టెన్షన్‌తో వెళ్లి చెబితే మా సీనియర్ మేడమ్ ముందుగా అన్నమాట, ‘నువ్వే వచ్చి చెప్పావ్, మంచి పని చేశావ్’. ఆ తర్వాతే కాగితం అందుకున్నారు. పక్క టేబుల్‌వాళ్లు అది విన్నారు. వారం తిరక్కుండా వాళ్లలో ఒకరు తన తప్పు తనే వచ్చి చెప్పారు. మీ తర్వాత చేరేవాళ్లు మీ దగ్గరికి అలా వచ్చినప్పుడు ముందు ఏమంటారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

చూడనిదానికి సంతకం పెట్టమని ఒత్తిడి చేసినా, ఉన్నది చెప్పినందుకు మిమ్మల్ని పక్కన పెట్టినా, అప్పుడు వేరే ఉద్యోగం వెతకండి. నేనూ అదే చెబుతాను.